పిండి మిల్లు చప్పుడుతో సహా

ఇది ఒక మహాగాథ. ఇందులో సముద్రం ఉంది, ఉక్కు ఉంది, కెరటాల పక్కన పుట్టి కంపెనీ బస్సెక్కిన ఓ యువకుడి గొంతు ఉంది. ఆ గొంతు ఆగిపోయాక నగరమంతా మార్మోగిన పాట ఉంది. చదివాక మీరు మునుపటి మనిషిగా ఉండరు.

పై పేరాలో అబద్ధాలు కాస్త ఎక్కువయ్యాయి. సరిచేస్తాను. ఉక్కు లేదు, ఫ్యాక్టరీ మా స్టూడియోకి చాలా దూరం. సముద్రం ఉంది గానీ మా కిటికీలోంచి కనిపించేది ఎదురింటి వాటర్ ట్యాంకు. నగరం మార్మోగలేదు. ఆ పాట విన్నవాళ్లందరినీ కూర్చోబెట్టాలంటే ఒక కల్యాణ మండపం చాలు, భోజనాలకి రెండు బంతులు వేస్తే సరిపోతుంది. చదివాక మీరు మునుపటి మనిషిగానే ఉంటారు, కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

నేను పదకొండేళ్లు సౌండ్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. వయసు ముప్పై మూడు. ఎవరూ శాలువా కప్పలేదు, గోడ గడియారం ఇవ్వలేదు. చెవి డాక్టరు ఒక కాగితం మీద కొండ దిగుతున్నట్టున్న గీత చూపించి, "కుడి చెవి ఇంతే. హెడ్‌ఫోన్లు మానేస్తే ఎడమది మిగులుతుంది" అన్నాడు. అదే నా వీడ్కోలు సభ. ఇప్పుడు గోపాలపట్నంలో మా పెద్దబావ టైల్స్ షాపులో కూర్చుంటున్నాను. టైలు మీద వేలితో తడితే పగులుందో లేదో ఎడమ చెవితో చెప్పేస్తాను. పదకొండేళ్ల అనుభవం ఎక్కడికీ పోదు.

అయినా వారానికొకడు మెసేజ్ పెడతాడు: "అన్నా, స్టూడియో పెడదామనుకుంటన్నాను, ఏ మైకు కొనాలి?" మైకు సంగతి ఎవరైనా చెబుతారు. మిగతాది చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి రాస్తున్నాను.

మూర్తి గారి కత్తెర

పని నేర్చుకున్నది పూర్ణా మార్కెట్ దగ్గర మూర్తి గారి స్టూడియోలో. రికార్డింగ్ స్టూడియో అనగానే మీకు గాజు గోడ, దాని అవతల కళ్లు మూసుకుని పాడే గాయని కనిపిస్తే, ఆమెను కాసేపు బయట బెంచీ మీద కూర్చోమనండి. ఆమె ఏడాదికి రెండుసార్లు వస్తుంది. మిగతా రోజుల్లో మనం చేసేది ఆటోలో తిరిగే ప్రకటన. ఉల్లిపాయలు, దుప్పట్లు, పంటి ఆసుపత్రి, ట్యూషన్ సెంటర్. పండగల ముందు అమ్మవారి పాటలు. ఈ పని మీద గౌరవం లేకపోతే ఈ వృత్తిలోకి రాకండి. నాకు ఉల్లిపాయల మీద నేటికీ గౌరవం ఉంది.

మూర్తి గారికి రెండు సిద్ధాంతాలుండేవి. ఒకటి, పాడేవాడి ఊపిరి వినేవాడికి వినపడకూడదు. మాటకీ మాటకీ మధ్య పీల్చిన గాలినంతా వెతికి కోసేయాలి. "ఊపిరి వినపడితే పాడేవాడు మనిషని తెలిసిపోతుందయ్యా" అనేవారు. రెండు, ఒక ముక్కని పదిసార్లు పాడించి రికార్డు చేస్తే, పనికొచ్చిన టేకు ఒక్కటి ఉంచుకుని మిగతావన్నీ ప్రతి శనివారం కంప్యూటర్లోంచి తుడిచేయాలి. ఆయన దృష్టిలో ఉంచుకున్న చెత్తంతా బద్ధకానికి గుర్తు.

చేరిన మొదటి నెలలోనే నేను మొదటి సిద్ధాంతం తప్పాను. ఒక అమ్మవారి పాటలో గాయకుడి దగ్గు వదిలేశాను. ఆ పాట పండగ మూడు రోజులూ ఊళ్లో మైకుసెట్లో మోగింది. రెండో రోజుకే పిల్లలు ఆ చోటు రాగానే కోరస్‌గా దగ్గడం మొదలుపెట్టారట. మూడో రోజుకి పెద్దవాళ్లూ చేరారు. మూర్తి గారు నన్ను పిలిచి, చాలా మర్యాదగా అడిగారు: "ఏమోయ్, అమ్మవారికి జలుబు చేసిందటగా?"

ఆ తర్వాత నేను కోయని ఊపిరి లేదు. ఆయన చెప్పింది పదింట తొమ్మిదిసార్లు నిజమే. మంచి గురువు. పదోసారి సంగతే కింద రాస్తున్నాను, అది ఆయన తప్పు కూడా కాదు.

బరువున్న పేరు

నా సొంత స్టూడియో గోపాలపట్నంలో, ఒక పిండి మిల్లు పైన. అద్దెకి అంతకంటే నిశ్శబ్దమైన గది దొరకలేదు అంటే నమ్మండి, మిగతావి రైలు పట్టాల పక్కన ఉన్నాయి. రైలు ఎవరి మాటా వినదు. మిల్లాయన మాత్రం బతిమాలితే కాసేపు ఆపేవాడు. అలా నా రికార్డింగ్ వేళలన్నీ ఊళ్లోవాళ్లు పిండి ఎప్పుడు ఆడించుకుంటారన్న దాని మీద ఆధారపడి ఉండేవి.

ఒక ఆదివారం ఇద్దరు వచ్చారు. ఒకడు కిరణ్, పెళ్లి వీడియోలు తీస్తాడు, నాకు పాత పరిచయం. రెండోవాడు నూకరాజు. వయసు ఇరవై ఐదు. తండ్రి వేటకి వెళ్తాడు, తల్లి పైడమ్మ వీధులు తిరిగి చేపలమ్ముతుంది. ఇతనిది అచ్యుతాపురంలో ఒక కంపెనీలో ప్యాకింగ్ పని.

"ర్యాప్ పాట బావ. పేరు లంగరు అని ఎట్టుకున్నాను," అన్నాడు.

"పాట పేరా?"

"కాదు, నా పేరు. పాట పేరు ఐసు."

"లంగరు ఎందుకు?"

"బరువుంటాదని."

మనిషిని తూచితే బస్తా బియ్యం కన్నా కాస్త ఎక్కువుంటాడు. కానీ పాట వినిపించగానే నేను జోకులు కాసేపు ఆపాను.

*అయ్యకి బోటులో ఐసు, నాకు బస్సులో ఏసీ*
*ఇద్దరం సల్లగున్నాం బావ, ఎవుడు సెప్పినాడు సూసి?*

మా పనిలో ముందు 'ట్రాక్' పాడిస్తాం. అంటే చిత్తుప్రతి. పాట ఎలా నడుస్తుందో చూసుకోవడానికి మొదటి నుంచి చివరిదాకా ఒకసారి గబగబా చెప్పించి, దాన్ని చూసుకుంటూ అసలు టేకులు ఒక్కో ముక్కా శ్రద్ధగా తీస్తాం. పాట పూర్తయ్యాక ట్రాక్‌ని ఎవరూ వినరు. నూకరాజు ట్రాక్ చెప్పేటప్పుడు నేను తలుపు కూడా వేయలేదు. రెండో చరణంలోకి వచ్చేసరికి కింద మిల్లు మొదలైంది. అతను ఆపకుండా మిల్లు మీదుగా అరిచి పూర్తిచేశాడు. పోనీలే, చిత్తుప్రతేగా అనుకున్నాను.

తర్వాత రెండు ఆదివారాలు మొదటి చరణం, పల్లవి అసలు టేకులు తీశాం. టేకుకీ టేకుకీ మధ్య అతని నోరు ఆగేది కాదు. నేను రికార్డింగ్ ఆపేవాణ్ణి కాదు, ఆపి మళ్లీ మొదలుపెట్టడానికి బద్ధకం. అలా అవన్నీ ఎక్కాయి.

"మా సూపర్‌వైజరు నా టోపీ సూసి నవ్వతన్నాడు బావ. ఆడి నెత్తి మీదున్నాదీ అదే టోపీ."

"నీకు అందంగా ఉందేమోలే."

"అందం నాకుంటే టోపీ ఎందుకు, పాట ఎందుకు?"

మధ్యలో తల్లికి ఫోను: "అమ్మా, వత్తన్నాను. నువ్వు తినీ. నా కోసం కూకోకు. ఏటి కూర? మల్లీ అదేనా?"

గొంతు బాగుండేది గానీ నా పనికి ఒక ఇబ్బంది. గాలి పీల్చినప్పుడల్లా ముక్కులోంచి సన్నగా కీచుమని ఒక చప్పుడు. నూనె వేయని తలుపు బందులా. ప్రతి పంక్తికీ ఒకటి. వాటన్నిటినీ వెతికి, పట్టి, కోసేశాను. చాలా శుభ్రంగా వచ్చింది. మూర్తి గారు వింటే మెచ్చుకునేవారు. శనివారం రాగానే మంచి టేకులు, రెండో చరణం ఇంకా తీయలేదు కనుక ట్రాక్, ఇవి ఉంచి మిగతావన్నీ తుడిచేశాను. టోపీ, కూర, అన్నీ.

ఆ తర్వాతి ఆదివారం నూకరాజు రాలేదు, ఒంట్లో బాగాలేదన్నాడు. పచ్చకామెర్లు. ఎవరో చెప్పిన చోట పసరు తాగించారు, ఉప్పు మానిపించారు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. కామెర్లొస్తే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఈ వ్యాసంలో ప్రాణాలకి పనికొచ్చే వాక్యం ఇదొక్కటే.

ఇక్కడ వయొలిన్ వినిపించాలి. నేనప్పుడు పంటి ఆసుపత్రి ప్రకటనలో 'చిగుళ్లు' అనే మాట సరిచేస్తున్నాను. కిరణ్ ఫోన్ చేసి, "బావ, నూకరాజు ఎల్లిపోనాడు" అన్నాడు.

"ఎక్కడికి?" అన్నాను.

ఆ ఒక్కటీ నేను జోకుగా అనలేదు.

పావురాలు

కర్మకాండలు అయిన తర్వాతి వారం కిరణ్ ఒక ప్రణాళికతో వచ్చాడు. పాటని స్మృతిగీతంగా విడుదల చేయాలి. ముందు ఉరుము, తర్వాత వయొలిన్లు. వీడియోలో తెల్ల పావురాలు ఎగరాలి.

"పావురాలెందుకు?"

"ఎమోషను, బావ."

"కాకులైతే ఒప్పుకుంటాను. ఎండుచేపల దగ్గర ఆడికి రోజూ వాటితోనే యుద్ధం."

"నీకన్నీ ఎటకారమే. ఆడు నీకు ఫ్రెండు కాదేటి?"

ఫ్రెండే. కిరణ్‌కీ ఫ్రెండే. అతనికి ఏడవడం రాక పావురాల్ని తెస్తున్నాడు, నాకు ఏడవడం రాక కాకుల్ని తెస్తున్నాను. అప్పట్లో ఇంత స్పష్టంగా తెలియదు.

అసలు సమస్య రెండో చరణం. దానికి ట్రాక్ తప్ప ఏమీ లేదు. ట్రాక్‌లో మిల్లు ఉంది. మా వృత్తిలో ట్రాక్‌ని విడుదల చేయడమంటే చొక్కా గుండీలు పెట్టుకోకుండా పెళ్లికి వెళ్లడం లాంటిది. కాబట్టి ఈ రోజుల్లో అందరూ చేసేదే చేశాం. నూకరాజు శుభ్రమైన టేకుల్ని కంప్యూటర్‌కి వినిపిస్తే అది అతని గొంతు నేర్చుకుంది. రెండో చరణం దాని చేత చెప్పించాం. తప్పు కిరణ్‌దని రాస్తే ఈ వ్యాసం ఒక పేరా తగ్గుతుంది గానీ, చేసింది నేను. బాగా వచ్చిందని గర్వపడ్డాను కూడా.

కిరణ్ పోస్టరు వేసేశాడు. శుక్రవారం విడుదల. "అమ్మకి ఓపాలి ఇనిపించి వదిలేద్దాం," అన్నాడు. అంటే అనుమతి తీసుకోవడం కాదు, ఆవిడ ఏడిస్తే వీడియోలో పెట్టుకోవచ్చని.

ముక్కు

పైడమ్మ మధ్యాహ్నం, చేపలన్నీ అమ్ముడయ్యాక వచ్చింది. గంప కింద మిల్లు మెట్ల దగ్గర పెట్టి పైకొచ్చింది. హెడ్‌ఫోన్లు ఇస్తే, "అవొద్దు బాబూ, బయటికే ఎట్టు" అంది. స్పీకర్లో పెట్టాను. కిరణ్ కెమెరా పట్టుకుని మూలన నిలబడ్డాడు.

ఉరుము ఉరిమింది. ఆవిడ కిటికీ వైపు చూసింది, మబ్బేమైనా పట్టిందా అని. తర్వాత మొదటి చరణం అయ్యేదాకా కదలకుండా వింది.

"బాగుంది బాబూ. ఎవులిది?"

కిరణ్ నవ్వాడు. "అదేటి పిన్నీ, మనోడిదే! నూకరాజుది."

"మనోడిదా? మల్లీ ఎట్టు."

మళ్లీ పెట్టాను. ఈసారి రెండో చరణం, కంప్యూటర్ చెప్పినది కూడా విన్నది. విని తల అడ్డంగా ఊపింది.

"మాటలు ఆడివే. గొంతూ ఆడిదిలాగే ఉన్నాది. ఆడు కాదు."

"పిన్నీ, ఆడే..."

"నువ్వుండరా. ఆడు మాటాడితే ముక్కు కీసుమంటాది. ఏడేల్లప్పుడు తెడ్డు తగిలి ఇరిగిపోనాది. తింటే కీసు, పడుకుంటే కీసు. కరెంటు పోయినా ఆడు ఏ మూలనున్నాడో నాకు తెలిసీది." స్పీకరు వైపు చూపించింది. "ఈడికి ముక్కే లేదు."

కిరణ్ నా వైపు చూశాడు. నేను స్క్రీను వైపు చూశాను. స్క్రీను ఎవరి వైపూ చూడలేదు.

"ఆ చప్పుళ్లు నేనే కోసేశానమ్మా. మా పనిలో అలాగే చేస్తాం," అన్నాను.

"ఆడివన్నీ కోసీసి, ఆడి పేరెట్టి వదుల్తారా?" కోపంగా అనలేదు. తెలియక అడుగుతున్నట్టే అడిగింది. "ఒద్దు బాబూ. వదుల్తే వదలండి. ఆ పేరు ఎట్టకండి. ఇంకెవుడి పేరన్నా ఎట్టుకోండి."

"పోస్టరు వేసీసినాం పిన్నీ," అన్నాడు కిరణ్, కెమెరా దించి.

"పోస్టర్లో ఏటున్నాది?"

"నూకరాజు... పావురాలు."

"పావురాలు ఎందుకు?"

నేను ఆసక్తిగా చూశాను గానీ 'ఎమోషను' అనే మాట అతని నోట రాలేదు.

అప్పుడు ట్రాక్ పెట్టాను. ఇంకేం పెట్టడానికి లేక పెట్టాను, వివేకం వల్ల కాదు. గది గోల, తెరిచిన తలుపు, మొదటి మాటకి ముందే కీచుమని ముక్కు. పైడమ్మ కుర్చీలో కాస్త ముందుకి జరిగింది. రెండో చరణం మధ్యలో మిల్లు అందుకుంది. లయ తప్పకుండానే నూకరాజు దాంట్లో ఒక పంక్తి కలిపేశాడు, నేను అప్పట్లో పట్టించుకోలేదు: *మిల్లోడు మొదలెట్టీసినాడు బావ, నానాగను.*

"ఆఁ," అంది పైడమ్మ. "ఈడు."

పాట అయ్యాక అడిగింది: "ఆ గరగర ఏటి?"

"కింద మిల్లమ్మా. తీసేయడానికి చూస్తాను."

"ఉండనీ. ఆడు దాని మీంచే కదా అరుత్తన్నాడు. అది తీసీత్తే ఎందుకు అరుత్తన్నాడో తెలీదు."

పదకొండేళ్లలో మిక్సింగ్ గురించి నాకెవరూ ఇంత తెలివైన మాట చెప్పలేదు. మూర్తి గారితో సహా.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఆవిడ లేస్తూ, "ఇంకేటున్నాయి బాబూ? ఇక్కణ్ణించి నాకు ఫోన్ సేసీవోడు. మద్దిలో మాటాడినవీ అవీ?" అంది.

"ఉండేవమ్మా. తుడిచేశాను."

"ఎందుకు?"

"కంప్యూటర్లో జాగా లేక."

"మాది ఒకటే గది. ఆడు, ఆల్ల అయ్య, నాను, వలలు. జాగా లేదని ఎవుల్ని తుడిసీసినాం?"

అని మెట్లు దిగి గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. కిరణ్ ఏమీ రికార్డ్ చేయలేదు. నాకు తెలిసి అతను తీసిన వాటిలో అదే మంచి వీడియో.

దొరికినవి

తుడిచేసిన ఫైళ్లు ఒక్కోసారి తిరిగి తీయవచ్చు. హార్డ్ డిస్కు ఊడదీసి ఆ పని తెలిసిన అతనికి ఇచ్చాను. నాలుగు రోజులు తిప్పి, చాలా దొరికాయని సంతోషంగా ఫోన్ చేశాడు. వెళ్లి కూర్చుని ఒక్కొక్కటీ విన్నాను. ఉల్లిపాయలు పదకొండు రకాలుగా దొరికాయి. దుప్పట్లు దొరికాయి. చిగుళ్లు దొరికాయి. నూకరాజు మాట ఒక్కటీ దొరకలేదు.

తీరానికి వెళ్లి పైడమ్మకి ఆ మాట చెప్పాను. ఎండుచేపలు తిరగేస్తోంది. "సర్లే," అంది తలెత్తకుండా. "ఉన్నదైనా సరిగ్గా ఎట్టు."

ఉన్నదాన్ని సరిగ్గా పెట్టడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో నేను చేసింది దాదాపు ఏమీ లేదు. అదే కష్టం. నా వేళ్లు వాటంతట అవే ఆ కీచుల మీదికి వెళ్లేవి. మాటలు తెలిసేంతవరకు సర్ది, మిల్లుని మిల్లుగా వదిలి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఉరుము, వయొలిన్లు తీసేశాం. కిరణ్ రెండు పూటలు అలిగి, తర్వాత బండి మీద వెనక కూర్చుని కంపెనీ బస్సుని వెంబడిస్తూ ఒకే ఒక్క షాటు తీసుకొచ్చాడు. అదే వీడియో. శుక్రవారం అనుకున్నది తర్వాతి బుధవారం వచ్చింది. ఎవరూ గమనించలేదు.

విన్నవాళ్లలో ఒకతను ఆ గరగర గురించి పెద్ద వ్యాఖ్య రాశాడు. అది ఉక్కు నగరపు యంత్రాల ఆర్తనాదమట, శ్రామికుడి గొంతుని మింగాలని చూస్తున్న పారిశ్రామిక వ్యవస్థట. ఆ రోజు ఆడుతున్నది ఎవరింట్లోనో అట్లకి బియ్యప్పిండి. మిల్లాయనకి ఇది చదివి వినిపిస్తే, "నా మిల్లు పేరు ఎయ్యలేదేటి మరి?" అని నిష్ఠూరమాడాడు. వేశాం.

మీరడగనిది

అందుకని మైకు కన్నా ముందు పెద్ద హార్డ్ డిస్కు కొనండి. పనికిరాని టేకులు ఉంచండి. దగ్గులు, తిట్లు, ఫోన్లు, ఉంచండి. మీకు అవి చెత్త. ఎవరికి కాదో మీకు ముందు తెలియదు, వాళ్లకీ తెలియదు. ఊపిరి కోయాల్సిన చోట కోయండి, ఉల్లిపాయల ప్రకటనలో ఆయాసం ఎవరికీ అక్కర్లేదు. కానీ అసలు ఫైలు మీద కాదు, నకలు మీద కోయండి. ఈ ఒక్క ముక్క నాకు మూర్తి గారు చెప్పలేదు, చెప్పినా నేను వినేవాణ్ణి కాదు.

చనిపోయినవాళ్ల పాటలు మీ దగ్గరికీ వస్తాయి. వచ్చినప్పుడు ఉరుములు మీ దగ్గర రెడీగా ఉంటాయి. వాడకండి. ముందు ఆ ఇంట్లోవాళ్లకి వినిపించండి, పోస్టరు వేయకముందు. వాళ్లకి సంగీతం తెలియదని మనకొక నమ్మకం ఉంటుంది. పైడమ్మ ఇప్పటికీ ఆ పాట పూర్తిగా వినదు. మొదటి మాటకి ముందున్న ఆ కీచు విని ఆపేస్తుందట. కాసేపాగి మళ్లీ పెట్టి, మళ్లీ ఆపేస్తుందట. "కొంతసేపైనా ఇంటేనే యాప్‌లో ఇన్నట్టు లెక్కలోకొత్తాది పిన్నీ," అని కిరణ్ చెప్పి చూశాడు. ఆవిడకి ఏ లెక్కో అర్థం కాలేదు.

చివరిగా ఒక సాంకేతిక విషయం. పాటల్ని అన్ని యాప్‌లలోకి పంపే ఖాతా నూకరాజు పేరు మీదే ఉంది, బతికుండగా అతనే తెరిచాడు. వేరే ఖాతాలోకి మారిస్తే పాట ఇంకొకరి పేజీలోకి పోతుంది, పేరు మారితే పైడమ్మ ఒప్పుకోదు, అందుకని మార్చలేదు. దాంట్లోకి వెళ్లిన ప్రతిసారీ ఓటీపీ అతని నంబరుకే వస్తుంది. ఆ సిమ్ము ఇప్పుడు పైడమ్మ ఫోన్లో రెండో గడిలో ఉంది. ఫోన్ చేస్తే ఆరంకెలూ ఒక్కొక్కటిగా చదివి చెబుతుంది. ఆ నంబరు ఆగిపోయి ఇంకొకరికి వెళ్లిపోకుండా ఉండాలంటే రీఛార్జ్ చేయిస్తూ ఉండాలి. నెలకోసారి అనుకుంటారు చాలామంది. నెల కాదు, ఇరవై ఎనిమిది రోజులు.